దిష్టి కోరే అంగడి

బెంగళూరు బళేపేటలో గాజుల అంగళ్ల వెనక సందుకు శనివారం తెల్లవారిందంటే వనజ వచ్చినట్టే. అంగళ్లవాళ్లు ఇనప షట్టర్లు ఎత్తే వేళకు చేతిలో ప్లాస్టిక్ బుట్ట పట్టుకొని, నోట మాట లేకుండా మొదటి గడప ముందు నిలబడి ఉంటుంది. నల్లదారానికి కింద బొగ్గుముక్క, దానిపైన నిమ్మకాయ, ఆపైన పచ్చిమిరపకాయలు గుచ్చిన దిష్టిదండ ప్రతి అంగడికీ ఒకటి కట్టాలి. అంతకు ముందు పోయిన వారం కట్టినదాన్ని తీయాలి. తీసేటప్పుడు మాట్లాడకూడదు. వారమంతా ఆ అంగడి మీద పడిన చూపులన్నీ ఆ పాత దండలోనే ఉంటాయని, అప్పుడు నోరు తెరిస్తే అందులో కొంత మనిషి లోపలికి పోతుందని ఈ పని నేర్పిన పెద్దక్క చెప్పింది. వెనకాల గోనెసంచి పట్టుకొని మొగుడు తిరుపాలు ఉంటాడు. పాతది అతని సంచిలో పడి, కొత్తది గడపకు ఎక్కి, నిమ్మకాయకు కుంకుమ పడ్డాక గాని వనజ "బాగుండారా శెట్టన్నా" అని పలకరించదు.

సంచి నిండాక దాన్ని సందు చివర మూడు రోడ్లు కలిసేచోట, సరిగ్గా నడిమధ్యలో గుమ్మరించాలి. బస్సులూ ఆటోలూ తొక్కుకుంటూ పోతే ఆ చూపులు నుజ్జునుజ్జయి తలో దిక్కూ చెదిరిపోతాయి. కట్టిన చేత్తో పారేయకూడదు కాబట్టి ఆ పని తిరుపాలుది. అతను కుంటుకుంటూ అటు పోగానే ఆమె వెనక్కి తిరిగి చూడకుండా కాటన్‌పేటలో తామున్న గదికి వెళ్లి పొయ్యి వెలిగిస్తుంది. ఇన్నేళ్లలో ఈ క్రమం తప్పలేదు. అందుకే ఆ సందులో "వనజ చెయ్యి మంచిది" అన్న మాట నిలబడింది. ఆ మాట ఉన్నన్నాళ్లే ఆమె బుట్టలో నిమ్మకాయలు అమ్ముడుపోతాయి. నిమ్మకాయలు ఎవరైనా గుచ్చగలరు. మంచి చెయ్యి అన్న పేరు కొనుక్కుందామన్నా దొరకదు.

వనజది తనకల్లు దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో తిరుపాలు సెంట్రింగ్ పనికి బెంగళూరు వస్తే తనూ వచ్చి యలహంక వైపు రేకుల షెడ్లలో కాపురం పెట్టింది. ఒకనాడు కట్టుబడిలో ఉన్న ఒక పెద్ద బిల్డింగు పైనుంచి తిరుపాలు పడ్డాడు. బతకడమే గొప్ప అన్నారు. ఆసుపత్రిలో అతనికి తెలివి వచ్చాక వనజ మొట్టమొదట అడిగిన మాట, "ఆ బిల్డింగుకి దిష్టిబొమ్మ కట్టినారా?" అని. తిరుపాలు చాలాసేపు పైకప్పు వైపు చూసి, "లేదు" అన్నాడు. వనజకు ఆ ఒక్క మాటతో అంతా అర్థమైపోయింది. మేస్త్రీ పిసినారితనం వల్ల, కట్టని బొమ్మ వల్ల తన మొగుడి కాలు అవిటిదైంది. షెడ్ల దగ్గర ఉండే పెద్దక్క దిష్టిదండలు గుచ్చి అమ్మేది. వనజ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. పెద్దక్కకు చేతులు వణకడం మొదలయ్యాక బళేపేట సందు వనజకు వచ్చింది.

అప్పట్నుంచి లోకంలో ఆమెకు అనుమానం రాని వస్తువు లేదు. పాలవాడు నవ్వితే నీళ్లు ఎక్కువ పోశాడనుకుంటుంది. నవ్వకపోతే రేపట్నుంచి పోస్తాడనుకుంటుంది. కొత్త చీర కట్టుకున్న రోజు ఎవరైనా బాగుందంటే ఇంటికొచ్చి దాన్ని మడతపెట్టి నెలరోజులు తీయదు. తిరుపాలు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆమె అనుమానపడుతుంటే అతను బీడీ వెలిగించుకొని తలూపేవాడు.

అటువంటి వనజ సందులోకి, ఆషాఢమాసంలో, సరుకు లేని అంగడి ఒకటి వచ్చింది.

అది ఓబళప్ప పురికొస అంగడి. వనజ నల్లదారం కొనేది అక్కడే. ఓబళప్ప మంచాన పడ్డాక కొడుకులు దాన్ని బాడుగకు ఇచ్చేశారు. కొత్తగా వచ్చినవాళ్లు లోపలంతా తెల్లరంగు కొట్టించారు. పైకప్పుకు చిన్న చిన్న లైట్లు పెట్టించారు. ముందర పెద్ద అద్దం తలుపు వచ్చింది. సరుకు మాత్రం రాలేదు. గల్లాపెట్టె కూడా రాలేదు. గుమ్మం పక్కన అరచేయంత రేకు మీద ఇంగ్లీషులో ఏదో పేరు చెక్కించారు. ఆ అక్షరాలు ఎంత సన్నవంటే, అంగడి పేరు ఎవరికీ తెలియకూడదని రాయించుకున్నట్టు ఉన్నాయి.

"ఆషాఢంలో అంగడి తెరిచేవాడు యాపారానికి తెరవడు," అని తీర్పు చెప్పాడు వెంకటరమణ శెట్టి. ఆయనది ఎదురుగా తాళాలూ బోల్టులూ అమ్మే అంగడి. సందుకు పెద్దమనిషి తనేనని ఆయన నమ్మకం. "రోడ్డు ఎడల్పు చేస్తారు, చూస్తా ఉండండి. ముందర ఇట్లా ఒకర్ని పంపి మన గోడలన్నీ కొల్చుకుంటారు."

"కాదప్పా, సినిమావాళ్ల గోడౌనంట," అంది గాజుల అంగడి బాలాత్రిపురసుందరమ్మ. అంత పెద్ద పేరు పలకలేక సందంతా ఆమెను సుందరమ్మ అంటారు. "లేకపోతే అన్ని లైట్లు ఎందుకు?"

వనజ ఎవరి మాటా నమ్మలేదు. శనివారం బుట్ట పట్టుకొని తనే వెళ్లింది. లోపల ఒక్కతే అమ్మాయి, నిచ్చెన మీద కూర్చొని గోడకు ఏదో కొలుస్తోంది. పేరు హరిణి. ఒంగోలు పిల్ల, ఐటీ ఉద్యోగం మానేసి ఇది పెట్టుకుందట. ఆ మాట వినగానే వనజకు మొదటి అనుమానం పుట్టింది. ఉన్న ఉద్యోగం ఊరికే ఎవరు మానేస్తారు?

"ఏమమ్మణ్ణీ, ఏం అమ్ముతారు ఈడ?"

"ఇది ఆర్ట్ గ్యాలరీ అక్కా. బొమ్మలూ అవీ పెడతాం. అందరూ వచ్చి చూస్తారు."

"చూసి?"

"చూసి వెళ్తారు. నచ్చితే ఎవరైనా కొంటారు."

"కొనకపోతే?"

"పర్వాలేదు. చూస్తే చాలు," అని ఆ పిల్ల నవ్వింది.

వనజ బుట్ట కింద పెట్టింది. చూసి కొనకుండా పోయేవాళ్ల కోసమే కదా తను వారం వారం ఈ సందంతా దండలు కట్టేది! ఏ అంగడివాడైనా అటువంటివాళ్లను చూసి భయపడతాడు. ఈమె రమ్మని పిలుస్తోంది. దండ ఒకటి బుట్టలోంచి తీసి గుమ్మానికి కట్టబోతే, "వద్దక్కా, మా డోర్‌కి వద్దు. ఇక్కడ ఎంతమంది చూస్తే అంత మంచిది," అంది. తర్వాత నిచ్చెన దిగి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, మీరు తీసేసిన పాతవి ఉంటాయి కదా. ఎండిపోయినవి. అవి నాకు ఇస్తారా? ప్లీజ్. ఎలాగూ పారేసేవే కదా."

వనజ చేతిలో దండను గబుక్కున బుట్టలో పడేసింది. పాత దండ ఎవరికి కావాలి? ఒకరి అంగడి మీద పడిన చెడునంతా దాచుకొని ఇంకొకరి మీదకు తోలేవాళ్లకు కావాలి. చేతబడి చేసేవాళ్లకు కావాలి. అటువంటి మనుషులు జుట్టు విరబోసుకొని శ్మశానంలో ఉంటారనుకుంది ఇన్నాళ్లూ. జీన్సు ప్యాంటు వేసుకొని ఏసీలో ఉంటారని అనుకోలేదు.

"ఇచ్చేది లేదు," అని గట్టిగా చెప్పి బయటికి వచ్చేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది. పాత దండలు ఎవరో అడిగారన్న మాట బయటికి పొక్కితే, ఇచ్చి ఉంటుందేమో అన్న మాట దాని వెంటే నడిచి వస్తుంది. అనుమానం ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో వనజకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తర్వాతి వారం అద్దం తలుపుకు లోపలినుంచి గోధుమరంగు కాగితం అంటించారు. దాపరికం ఉంటేనే కదా కాగితం. వనజ దండలు కట్టడం అయ్యాక, కుంకుమ పొట్లం కింద పడినట్టు నటించి, కాగితం చిరిగిన మూలలోంచి లోపలికి తొంగి చూసింది. పైకప్పునుంచి ఎండిన దండలు వేలాడుతున్నాయి. నల్లబడి ముడుచుకుపోయిన నిమ్మకాయలు, రంగు పోయిన మిరపకాయలు. ఒకదాని చివర పటికముక్క కనపడింది. పటిక కట్టించుకునేది సందు మొత్తానికి వెంకటరమణ శెట్టి ఒక్కడే. ఆ దండ తను కట్టిందే, తను తీసిందే.

ఆ పిల్ల మూడు రోడ్ల మధ్యనుంచి ఏరుకుంటోందని వనజ తేల్చుకుంది. ఆ సాయంత్రం తిరుపాలును కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"నడిమధ్యలో పారెయ్యల్ల. పక్కన గాదు. పారేసి వచ్చెయ్యొద్దు, బస్సు చక్రం ఎక్కిందాకా ఆడనే నిలబడి కండ్లారా చూసి రా."

"ఆడనే నిలబడల్నా?" అన్నాడు తిరుపాలు.

"నిలబడితే ఏం? నీకేమన్నా ఆఫీసుకు టైమైపోతాదా?"

"సరే లేమ్మే," అన్నాడతను. ఆ తర్వాతి శనివారం ఇంటికి వచ్చేసరికి అతని చొక్కా వీపంతా చెమటకు తడిసి ఉంది. మొహం చూడబుద్ధి కానట్టు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వనజకు అనుమానం వచ్చింది గాని తప్పు చోటికి వచ్చింది. దగ్గరకు పోయి అతని నోరు వాసన చూసింది. బీడీ వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

కాగితం చిరుగులోంచి చూస్తే దండలు ఇంకా పెరిగాయి.

ఈలోగా శెట్టికి కాలం కలిసిరాలేదు. అంగడి షట్టరు స్ప్రింగు తెగింది. బేరాలు తగ్గాయి. ఒకరోజు గల్లా ముందే కళ్లు తిరిగి పడిపోయాడు. డాక్టరు షుగర్ అన్నాడు. శెట్టి మాత్రం దిష్టి అన్నాడు. ఎదురు అంగడి అద్దానికి కాగితం వేసిన నాటినుంచే ఇదంతా అని ఆయన లెక్క. శనివారం పొద్దున వనజ కొత్త దండ కట్టి తిరగ్గానే ఆపాడు.

"వనజా, ఒక మాట. ఆ పిల్ల మన దండలు యాడనో సంపాదిస్తా ఉండాదని మా పనోడు చెప్పినాడు. అద్దంలోంచి చూసినాడంట. ఊరికే అంటా ఉండాడో నిజమో తెలీదు. నిజమే అయితే, ఇచ్చినోళ్లు ఎవురైనా సరే, మళ్లీ ఈ సందులో కాలు పెట్టరు. నీకు చెప్పేదేముంది, నువ్వు మన మనిషివి."

"నేనెందుకు ఇస్తానన్నా!" అంది వనజ. నిజమే చెప్పినా ఆమె గొంతు అబద్ధం చెప్పినట్టే పలికింది. శెట్టి ఆమె మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ సందులో అందరి చూపులూ దించిన మనిషి మీద మొదటిసారి ఒక చూపు పడింది. అది దించే దండ ఆమె బుట్టలో లేదు.

ఆ సాయంత్రమే గ్యాలరీ తెరిచారు. హరిణి ముందురోజే అంగడంగడికీ తిరిగి అందరినీ పిలిచింది. తెరిచేటప్పుడు టెంకాయ కొట్టలేదు, దీపం వెలిగించలేదు. కాగితం చింపేసి, తలుపు బార్లా తెరిచి, గుమ్మం ముందు బల్ల వేసి మద్దూరు వడలూ కాఫీ పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో కార్లలో వచ్చి లోపలికి వెళ్తున్నారు. సందులోవాళ్లు మాత్రం రోడ్డుకు ఇవతలే గుంపుగా నిలబడ్డారు. సుందరమ్మ ఒక వడ తెప్పించుకుంది గాని, కొరకకుండా చేతిలో పట్టుకొని వాసన చూస్తోంది.

వనజ వచ్చేసరికి గుంపు దారి ఇచ్చింది. తిరుపాలు వెనకాల ఆటో స్టాండు దగ్గరే ఆగిపోయాడు. ఎంత రమ్మన్నా రాలేదు.

"వచ్చినావా? నువ్వే పో లోపలికి," అన్నాడు శెట్టి. "దిష్టి సంగతి నీకంటే ఎవురికి తెలుసు? ఏముండాదో చూసి వచ్చి చెప్పు. చేతబడే అయితే రేపు పొద్దున్నే ఓబళప్ప కొడుకుల్ని పిలిపించి ఖాళీ చేయిస్తా. నీ మాటే మాట."

వనజ కొంగు చివర ఒక నిమ్మకాయ ముడి వేసుకొని, ఇష్టదేవతలందరినీ తలుచుకొని గడప దాటింది.

లోపల చల్లగా ఉంది. తలెత్తితే దండలే. వరసలు వరసలుగా, ఏ వారానికావారం కట్టినట్టు వేలాడుతున్నాయి. ఇన్నేళ్లలో ఆమె తన పనినంతా ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. కట్టినవి కట్టినట్టే పోయేవి. చూడగానే ఒళ్లు జలదరించింది, దానితోపాటే ఎందుకో కొంచెం గర్వంగానూ అనిపించింది. ఆ గర్వం మీద వెంటనే అనుమానపడి కొంగులో నిమ్మకాయను బిగించి పట్టుకుంది. ఒక గోడనిండా గుమ్మడికాయల మీద గీసిన రాక్షసుల మొహాలు. ఇంకో గోడకు, కట్టే బిల్డింగుల ముందు వేలాడదీసే పెద్ద కళ్ల ఆడమనిషి పటం. కార్లలో వచ్చినవాళ్లు చేతులు కట్టుకొని వాటిని చూస్తున్నారు, ఎవరూ తల తిప్పుకోవడం లేదు.

చివర మూలలో, ఎత్తుమీద, గడ్డితో చేసిన దిష్టిబొమ్మ ఒకటి కట్టారు. దాని కింద ఒక చిన్న పెట్టెలోంచి ఎవరో మాట్లాడుతున్నారు. దగ్గరకు వెళ్లేదాకా ఆమెకు మాటలు తెలియలేదు. తెలిశాక కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. అది తన మొగుడి గొంతు.

"...పొద్దున్నే మేస్త్రీ బొమ్మ తెచ్చినాడు మేడం. ఇట్లాంటిదే. పైన కట్టల్ల, ఎవురెక్కతారు అన్నాడు. నేనెక్కినా. కట్టి, ముడేసి, బాగుండాదా అని అడిగేదానికి కిందికి చూసినా. కాలు జారింది. అంతే. ఆస్పత్రిలో మా ఇంటామె అడిగింది, దిష్టిబొమ్మ కట్టినారా అని. కట్టినారు, కట్టింది నేనే అని ఎట్ల చెప్పేది? బొమ్మ కట్టినా పడినానంటే ఇంగ దేన్ని నమ్ముకోని లేస్తాది ఆమె? లేదంటిని. ఆ మాట పట్టుకోనే లేచింది. ఈ పొద్దుకీ ఇల్లు నడిపిస్తా ఉండాది..."

పెట్టె కాసేపు గరగరలాడింది. బీడీ పీల్చి ఉంటాడు.

"సంచి సంగతా? నడిమధ్యలో పారెయ్యల్ల అంటాది. ఈ కాలుతో బస్సుల మధ్యకి పోతే ఎనకాల హారన్ కొడ్తారు కదా, అప్పుడు మళ్లా పైనించి పడతా ఉన్నట్టే ఉంటాది మేడం. ప్రతి శనివారం పడతా ఉంటిని. ఆపొద్దు మీరు వచ్చి, చెయ్యి పట్టుకోని దాటిస్తా రా అంటిరి. దాటేదానికి కాదమ్మా, పారేసేదానికి అని సంచి మీ చేతికి ఇచ్చేస్తిని. మొన్న మా ఇంటామె చక్రం ఎక్కిందాకా ఆడనే నిలబడమంటే, నడిరోడ్డు దాకా పోయి నిలబడలేక తిరిగొచ్చి మళ్లా మీకే ఇస్తిని. ఇంట్లో చెప్తే నన్ను పనికి రావొద్దంటాది. ఈ సంచి మోసే పని కూడా లేకుంటే నాకింగ ఏముండాది? పెట్టుకోండి మేడం, నా గొంతు పెట్టుకోండి. మా ఇంటామె ఈ గడప తొక్కదు. అంత అనుమానం ఆమెకి."

మాట అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. వనజ మళ్లీ విన్నది. బస్సు చక్రం ఎక్కిందాకా అక్కడే నిలబడమని చెప్పింది తనే. తడిసిన చొక్కా చూసి నోరు వాసన చూసింది కూడా తనే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కిపోయాయి. లోకంలో ప్రతి కంటినీ అనుమానించింది గాని, పక్కలో పడుకునే మనిషి కళ్లలోకి ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

హరిణి పక్కన వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "అక్కా, మీకు ముందే చెప్పాల్సింది. ఆయన వద్దన్నారు. మీరు వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను."

వనజ గుమ్మం వైపు తిరిగింది. ఆ పిల్లను ఇప్పటికీ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. కాని చెయ్యి పట్టుకొని దాటిస్తా రా అన్నది మాత్రం ఈ పిల్లే. ఆ మాట తను అనలేదు.

బయటికి రాగానే గుంపంతా ఒక్కసారి దగ్గరకు జరిగింది. "ఏముండాది?" అన్నాడు శెట్టి.

వనజకు తన మాట బలం ఎంతో అప్పుడు తెలిసింది. చేతబడి అని ఒక్క మాట అంటే చాలు. పొద్దునకల్లా ఆ తెల్లగది ఖాళీ అవుతుంది. దండలు కాలవ పాలవుతాయి, పెట్టెలో గొంతు ఆగిపోతుంది, తిరుపాలు చెప్పింది ఈ సందులో ఎవరికీ తెలియదు. తన చెయ్యి ఎప్పటికీ మంచిదే అవుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆటో స్టాండు దగ్గర తిరుపాలు కుడికాలి మీద బరువు మోపి నిలబడి, నేల చూస్తున్నాడు. దండన కోసం ఎదురుచూసేవాడిలా ఉన్నాడు.

"మన దండలేనన్నా," అంది వనజ. "నీదీ ఉండాది, పటికతో సహా. ఆ పిల్ల దొంగతనం చెయ్యలేదు. మా ఇంటాయన ఇచ్చినాడు. ఆయనకి నడిరోడ్డు మీదికి పోయేదానికి భయం. అది నేను చూసుకోలేదు. తప్పు మా ఇంటిది."

శెట్టి మొహం ఎర్రబడింది. "ఇంత నమ్మితే ఇదా నువ్వు చేసింది?" అన్నాడు చివరికి. "వచ్చే శనివారం నా గడపకి రావొద్దు." గిరుక్కున తిరిగి తన అంగడిలోకి వెళ్లి, స్ప్రింగు లేని షట్టరును దడేలున దించాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆయన వెంటే వెళ్లిపోయారు.

సుందరమ్మ మాత్రం చేతిలో వడ ఒక ముక్క కొరికింది. "నా దండ యాడ కట్టినారు వనజా? ముందర వరసలోనా, ఎనకాలనా?"

"చూడలేదమ్మా."

"చూస్తాం పద," అంటూ ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లింది. ఆమె వెనకాల గాజులవాళ్లు ఒకరిద్దరు, భయంభయంగా, చెప్పులు విడిచి మరీ వెళ్లారు.

తిరుపాలు, వనజ కాటన్‌పేట దాకా నడిచారు. ఎప్పుడూ ముందు నడిచే వనజ ఆరోజు అతని అడుగుకు అడుగు కలిపి నడిచింది. గది తలుపు ముందు ఆగి, తాళంచెవి చేతిలో పట్టుకొని అడిగింది.

"ఆపొద్దు బొమ్మ కట్టినావు కదా. ముడి గట్టిగా పడిందా?"

తిరుపాలు తల ఎత్తాడు. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఇది అడుగుతుందనుకోలేదు.

"పడింది," అన్నాడు. "నేను పడినాక గూడా అది ఊగతా ఆడనే ఉండె."

వనజ కాసేపు ఆ ముడి సంగతే ఆలోచిస్తున్నట్టు నిలబడింది. తర్వాత కొంగుతో మొహం అదిమి పట్టుకొని, గడపలోనే కూలబడి ఏడ్చింది. తిరుపాలు వంగలేని కాలు చాపుకొని పక్కన కూర్చున్నాడు.

శనివారం వచ్చింది. వనజ బుట్ట సగమే నిండింది. శెట్టి గడపకు మార్కెట్లో కొన్న ప్లాస్టిక్ నిమ్మకాయా మిరపకాయల గుత్తి వేలాడుతోంది. ఆయన పేపరు చదువుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వనజ ఆ గడప దాటి వెళ్లిపోయింది. చురుక్కుమంది, దాచుకోలేదు. ఇంకొన్ని గడపలు వద్దన్నాయి. సుందరమ్మ మాత్రం, "కొంచెం ముద్దుగా గుచ్చు ఈసారి, అంతమంది చూస్తా ఉండారు," అంది. గ్యాలరీ ముందు వచ్చేసరికి వనజ ఆగింది. దండ కట్టలేదు గాని, "ఆ గొంతు తియ్యొద్దులే, ఉండనీ," అని హరిణితో చెప్పి ముందుకు నడిచింది. లోపలికి మాత్రం వెళ్లలేదు. అనుమానం ఒక్క వారంలో పోయే జబ్బు కాదు కదా.

సందు చివర, మూడు రోడ్లు కలిసేచోట, తిరుపాలు అలవాటుగా సంచి భుజానికి ఎత్తుకోబోయాడు. వనజ దాన్ని లాక్కుంది.

"కట్టిన చేత్తో పారెయ్యకూడదంటివే?"

"అన్నాలే. నువ్వు ఈడ నిలబడు. నన్నే చూస్తా ఉండు."

ఇన్నేళ్లలో ఆమె ఆ రోడ్డు మధ్యకు ఎన్నడూ వెళ్లలేదు. నాలుగడుగులు వేయగానే ఎడమవైపునుంచి బస్సు వచ్చింది. అది పోకముందే వెనకాల ఆటోవాడు చెవులు పగిలేలా హారన్ కొట్టాడు. రెండు మంచికాళ్ల మీద నిలబడి కూడా వనజ సంచిని రెండు చేతులా అదుముకుంది. ఇక్కడికి, ఇలాంటి చోటికి, ప్రతి శనివారం ఆ మనిషిని పంపింది. సంచి తిరగేసి గుమ్మరించింది. చక్రం ఎక్కిందో లేదో చూడలేదు. బండ్ల మధ్య ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం నిలిచిపోయి, వెనక్కి తిరిగింది.

ఫుట్‌పాత్ రాయి మీద తిరుపాలు నిలబడి ఉన్నాడు. బీడీ వెలిగించలేదు. చెయ్యి సగం ముందుకు చాపి, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. బతుకంతా ఒంటి మీద చూపు పడకుండా తప్పించుకు తిరిగిన మనిషికి ఆ క్షణంలో ఆ చూపు తప్ప వేరే ఆధారం లేదు.

"కన్ను తిప్పొద్దు!" అని అక్కడినుంచే అరిచింది వనజ. "నేను వచ్చిందాకా చూస్తానే ఉండు."